బయ్యమ్మ చూసిన వైపు

ఆళ్లగడ్డ,
5 జూన్ 2025

సుకన్యా,

ఎలా ఉన్నావని అడగను, బాగానే ఉంటావు. నంద్యాలకు పోయి ఏడు నెలలైంది, నల్లకోటు తొడిగావు, పెద్దమ్మకు మాత్రం రెండే ఉత్తరాలు రాశావు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి పంపితే నేను చదవనని నీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేత గుణింతాలు దిద్దించినదాన్ని, ఆ అవతారాన్ని చూడలేను. చెవులు పోయాయి గానీ కళ్లున్నాయి. కాబట్టి కాగితం మీద రాయి.

మంగళవారం సాయంత్రం వచ్చే కోర్టు సీరియల్ చూస్తున్నావా? నేను వదలకుండా చూస్తున్నాను. చూడటమే, వినడం లేదు. మీ అమ్మ కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే మిక్సీ పక్కన తల పెట్టినట్టుంటుంది, అందుకని దాన్ని బీరువాలో దాచాను. మొన్న వచ్చిన భాగం చూసి నిర్ఘాంతపోయాను. బోనులో ఒక ముసలామె నిలబడి ఉంది. హత్య చేసినవాణ్ణి ఆమె చూసింది. లాయరు ఏం చేశాడనుకున్నావు? ముద్దాయి కూర్చోవలసిన చోట వాడి బట్టలు తొడిగి వేరేవాణ్ణి కూర్చోబెట్టాడు. అసలువాడు కళ్లజోడు పెట్టుకుని వెనక జనంలో కూర్చున్నాడు. ఆమె కుర్చీలో ఉన్నవాడి మీదికి వేలు చూపింది. లాయరు నవ్వి అసలువాణ్ణి లేపి నిలబెట్టాడు. ఆమె బోను కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూస్తూ ఉండిపోయింది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు!

ఈ దుర్మార్గుణ్ణి పోలీసులు ఎప్పుడు పట్టుకుంటారా అని చివరిదాకా కాచుకుని కూర్చున్నాను. పట్టుకోలేదు. ఎదురింటి అరుణకుమారి పలక తీసుకుని రాసి చూపించింది: "ఆయప్పే హీరో టీచర్." నాకు ఒళ్లు మండిపోయింది. సంగీతం వినపడేవాళ్లకు అది గెలుపుగా తోస్తుందేమో. నాకు కనిపించింది ఒక మగవాడు ఒక ముసలామెను అందరి ముందూ మోసం చేయడమే. మీ కోర్టుల్లో ఇలా చేస్తారా? రాయి.

ఎందుకు అడుగుతున్నానంటే, మన బయ్యమ్మ కేసు వచ్చే నెలలో ఉంది. నువ్వు నా దగ్గర చదువుకునే రోజుల్లో షరబత్తుకు వాడే నన్నారి వేర్లూ తేనే తెచ్చేదే, ఆ బయ్యమ్మ. అహోబిలం దారిలో గూడెం. పోయిన ఏడాది ఆమె భర్త ఆదెన్నను జీపు గుద్ది చంపింది. ఈమె ఇరవై అడుగుల వెనక నడుస్తోంది. జీపు తోలినవాడు దిగి, ఆదెన్న దగ్గరికి నడిచి వచ్చి చూసి, మళ్లీ నడిచి వెళ్లి జీపెక్కి పోయాడు. చూసిన మనిషి ఈమె ఒక్కతే. బయ్యమ్మ నిదానంగా మాట్లాడుతుంది, అందుకని ఆమె మాటలు నాకు పెదాల మీద తెలుస్తాయి. కోర్టులో గుర్తుపడతావా అని అడిగితే, "మొగం యాడ సూస్తాం టీచరమ్మా? పెద్దింటోల్ల మొగం సూసే అలవాటు మాకు లేదు. నడక సూసినా. ఎడం కాలు ఈడ్సుకుంటా పోయినాడు" అంది. పాపం, కోర్టంటే ఇప్పట్నుంచే వణికిపోతోంది.

సమయానికి తిను.

మీ పెద్దమ్మ,
రామసుబ్బమ్మ


నంద్యాల,
11 జూన్ 2025

పెద్దమ్మకు నమస్కారం.

తిట్లు అందాయి. ఇదిగో కాగితం, ఇదిగో పెన్ను, ఒత్తులు తప్పు పోతే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపు.

హాస్టల్లో మూడు పూటలా చిత్రాన్నమే. ఆఫీసులో ఇప్పటిదాకా నా పని వాయిదాల తేదీలు రాయడం, జిరాక్సు తీయించడం. కోర్టు హాల్లో మా సీనియర్ గురుస్వామి సార్ వెనక నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్నాయి. అయినా బాగుంది. సార్ లేచి నిలబడితే హాలంతా నిశ్శబ్దమైపోతుంది. నేనూ ఏదో ఒకనాటికి అలా కావాలని ఉంది.

సీరియల్ సంగతికొస్తే, నువ్వు సంగీతం లేకుండా చూసి హీరోను విలన్ చేశావు. ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. నిజమైన కోర్టులో అలా చేస్తే ఆ లాయరు మళ్లీ కోటు తొడగలేడు. ముద్దాయి స్థానంలో వేరేవాణ్ణి కూర్చోబెడితే జడ్జినే మోసం చేసినట్టు. గురుస్వామి సార్ కూడా ఆ భాగం చూశారట. "కుర్చీ మార్చినాడు సూడు, ఆడ దొరికిపోతాడప్పా. కుర్చీ మార్చకుండా చేసేటోడే లాయరు" అన్నారు. సార్ మాటలు అలాగే ఉంటాయి.

బయ్యమ్మ కేసు కాగితాలు మా ఆఫీసులోనే ఉన్నాయి. నిన్న ఆ కట్ట విప్పి చదివాను. నడక గురించి నువ్వు రాసింది అందులో ఎక్కడా లేదు. పోలీసులకు ఆమె చెప్పలేదా? నిజంగా నడకను బట్టే మనుషులను గుర్తుపడుతుందా? కొంచెం వివరంగా రాస్తావా? ఈ కేసులో సార్ నన్ను మొదటిసారి బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంటానన్నారు.

నీ
సుకన్య


ఆళ్లగడ్డ,
16 జూన్ 2025

బంగారుతల్లీ,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. అరవై ఆరేళ్లదాని గంతు ఎలా ఉంటుందో ఊహించుకో, మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది. బయ్యమ్మ కేసు నీ దగ్గరికే వచ్చిందా! నా చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్ల నల్లకోటు తొడిగి ఆదెన్న కోసం కోర్టులో కూర్చుంటుందంటే నాకు ఇంకేం కావాలి? మీ గురుస్వామి సార్‌కు నా నమస్కారం చెప్పు. మాట మోటుగా ఉన్నా మనసు మంచిదే అయి ఉంటుంది, లేకపోతే ఈ పేదరాలి కేసు ఎందుకు పట్టుకుంటాడు?

అడిగినవన్నీ బయ్యమ్మను కూర్చోబెట్టి కనుక్కున్నాను. పోలీసులు మొగం గుర్తుందా అని మాత్రమే అడిగారట. ఉందీ లేదూ అన్నట్టు తలూపిందట. నడక సంగతి వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. అడవిలో ఎదురుగా వచ్చేది ఎవరో మొగం కనపడక ముందే నడకతో చెప్పేస్తారట వాళ్లు. నా మోకాలి నొప్పిని నాకంటే ముందు కనిపెట్టింది ఈమే. జీపు తోలినవాడు ఎడమ కాలు కొంచెం బయటికి తిప్పి, మడమ నేలకు రాసుకునేలా ఈడుస్తాడట. నడిస్తే గుర్తుపడుతుంది. కదలకుండా నిలబడితే మాత్రం చెప్పలేనంది. కాబట్టి వాణ్ణి నాలుగడుగులు నడిపించమని జడ్జిని అడగండి.

ఇంకో మాట. ఆమె భయం పోవాలని, "మా సుకన్య ఆడే ఉంటుంది. నీకు బెదురు పుడితే, ఏదన్నా అనుమానం వస్తే ఆ పిల్ల పక్క చూడు" అని చెప్పాను. "పాప ఉంటాదా? అయితే సాల్లే టీచరమ్మా" అంది. ఆ పొద్దు మొదటిసారి నవ్వింది. నీకోసం తేనె ఎత్తిపెడుతుందట.

ఆశీస్సులతో,
పెద్దమ్మ


నంద్యాల,
23 జూన్ 2025

పెద్దమ్మా,

పని చాలా ఉంది, అందుకే నాలుగు ముక్కలే రాస్తున్నాను. నువ్వు రాసిన వివరాలు అందాయి. కేసు జూలై 8న ఆళ్లగడ్డ కోర్టులోనే. నువ్వు రావద్దు. అక్కడ ఉక్కపోత, కూర్చోను చోటుండదు, నీకు ఏమీ వినపడదు. అంతా అయ్యాక నేనే ఇంటికి వచ్చి చెబుతాను.

కేసు విషయాలు బయ్యమ్మతో ఎక్కువ మాట్లాడకు. సాక్షితో ఎవరూ మాట్లాడకూడదు. తేనె కూడా వద్దని చెప్పు.

సుకన్య


ఆళ్లగడ్డ,
8 జూలై 2025

సుకన్యా,

వచ్చాను. రావద్దన్నా వచ్చాను. పిల్లను కోటులో చూసుకోవాలన్న ఆశతో ఇస్త్రీ చీర కట్టుకుని, అందరికంటే ముందు పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. నువ్వు నన్ను చూడలేదు. చూసి ఉంటే అలా చేసేదానివి కావేమో. ఇంటికొచ్చి మూడు గంటలైంది, ఇంకా చీర కూడా మార్చుకోలేదు.

నాకు ఒక్క మాట వినపడలేదు. కానీ అంతా కనపడింది. నేను చూసింది రాస్తాను, తప్పైతే తప్పని చెప్పు.

బయ్యమ్మ బయట వేపచెట్టు కింద ఉన్నప్పుడే ముద్దాయిని పిలిచారు. జీపు తోలిన అజయ్ కుమార్ కాలు ఈడ్చుకుంటూ వచ్చి పలికి, పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. వాడి పక్కన అదే ఎత్తు, అదే తెల్ల చొక్కా ఉన్న ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. తర్వాత బయ్యమ్మను లోపలికి తెచ్చారు. అజయ్ రాయిలా కదలకుండా ఉన్నాడు. రెండోవాడు మాత్రం, ఆమె చూస్తుండగా, నీళ్ల సీసా కోసం బల్ల దాకా వెళ్లి వచ్చాడు. ఎడమ కాలు బయటికి తిప్పి, మడమ నేలకు రాస్తూ.

వాడు వినయ్. అజయ్ చిన్నాన్న కొడుకు. నా దగ్గర మూడో తరగతి చదివాడు, పరుగు పందెంలో గెలిచి నా చేతి మీదుగా పెన్నుల డబ్బా తీసుకున్నాడు. మొన్న ఆదివారం కూడా బజార్లో మోటారు సైకిలు కిక్కు కొడుతుంటే చూశాను. వాడి కాళ్లకు ఏ లోపమూ లేదు.

ప్రభుత్వ ప్లీడరు ఏదో అడిగాడు. బయ్యమ్మ చెయ్యి ఎత్తి, వినయ్ వైపు సగం దాకా తెచ్చి, ఆపింది. అప్పుడు నీకోసం వెతికింది. నువ్వు గురుస్వామి పక్కన, ముద్దాయి తరఫు బల్ల దగ్గర ఉన్నావు. అప్పటిదాకా, ఎక్కడ కుర్చీ దొరికితే అక్కడ కూర్చున్నావనుకున్నాను చూడు, నా తెలివి! ఆమె నీ వైపు చూసింది. నువ్వు తల ఊపావు. ఆమె చెయ్యి పూర్తిగా చాపింది.

నేను లేచి ఏదో అరిచాను. ఏం అరిచానో, ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. జడ్జి తల ఎత్తాడు. అటెండరు వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. "ముసలామెకు చెవుడు సార్" అని వాడి పెదాల మీద చదివాను.

తర్వాత బయ్యమ్మ బయటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఏమందో తెలుసా? "మీ పాప సాయం సేసింది టీచరమ్మా. లేకుంటే ఆడ నాకు చెయ్యి ఆడేది కాదు." తేనె సీసా నీకిమ్మని నా సంచిలో పెట్టింది. ఆ సంచి పట్టుకుని వచ్చేశాను.

నువ్వు ఎవరి వైపు ఉన్నావు? ముందు నుంచీ వాళ్ల వైపేనా?

రామసుబ్బమ్మ


నంద్యాల,
12 జూలై 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం కోపంతో రాసింది, అందుకని కోపం లేకుండా జవాబు రాయాలని చూస్తున్నాను.

చనిపోయినవాళ్ల తరఫున వాదించేది ప్రభుత్వ ప్లీడరు. మా ఆఫీసుకు కేసు వచ్చిందంటే ముద్దాయి తరఫునే వస్తుంది. నీకది తెలియదు. మొదట్లో నువ్వు తెలిసే రాస్తున్నావనుకున్నాను. తర్వాత పొరపడ్డావని అర్థమైంది. చెప్పి ఉండవలసింది.

కోర్టులో ఎవరూ ఒక్క అబద్ధం చెప్పలేదు. అజయ్ కుమార్ పిలిస్తే పలికాడు, చివరిదాకా హాల్లోనే ఉన్నాడు. వినయ్ కేసు చూడటానికి వచ్చాడు, దాహమేసి నీళ్లకు వెళ్లాడు. వాడు ఎలా నడవాలో ఏ చట్టంలోనూ లేదు. ముద్దాయిని కాపాడటం లాయరు ధర్మం. సాక్షి పొరపాటు పడితే అది సాక్షి పొరపాటు. బయటికి వచ్చాక సార్ నా భుజం తట్టి, "కుర్చీ మార్చలేదు సూసినావా పాపా?" అన్నారు. నేను కూడా నవ్వాను. నవ్వానని నీకు దాచను.

నేను తల ఊపలేదు. కింద కాగితం చూసుకుంటున్నాను, అంతే. నీకు దూరం నుంచి అలా కనపడి ఉంటుంది.

నడక సంగతి సార్‌కు ఎలా తెలిసిందని నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. నీ ఉత్తరాలు సార్‌కు చదివి వినిపించాను. మడమ నేలకు రాయడం దాకా అన్నీ నీ ఉత్తరంలోవే. వినయ్‌కు ఆ నడక నేర్పింది కూడా దాన్ని చూసే. నన్ను ఒక్కదాన్నే దోషిని చేయకు.

ఇంత రాశాక కవరు అంటించబోయి, మళ్లీ తెరిచాను. కాగితం చూసుకుంటున్నానని రాశానే, అది అబద్ధం. బల్ల మీద కాగితమే లేదు. ఆమె నన్ను చూసింది. చిన్నప్పుడు దోసిట్లో తేనె పోసి నాకమని నవ్వేదే, అదే మొగం. ఆమె చెయ్యి ఆగిపోతే కేసు పోతుందని, సార్ ముందు నేను పనికిరానిదాన్నవుతానని భయమేసింది. తల ఊపాను. ఎవరూ ఊపమనలేదు. సార్‌కు కూడా తెలియదు.

నన్నేం చేయమంటావు?

సుకన్య


ఆళ్లగడ్డ,
15 జూలై 2025

సుకన్యా,

నీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. నిన్నటి నుంచి గడప దాటలేదు. అరుణకుమారి పలక మీద ఏందీ, ఏమైందీ అని రాస్తోంది. ఏం చెప్పను? సీరియల్ చూసి పరాయి లాయరును దుర్మార్గుడన్నాను. అదే పని నా పిల్ల చేసింది, నేను దగ్గరుండి దారి చూపించాను.

నా తప్పు నాదే, కాదనను. నడక రహస్యం నీకు రాసింది నేను. నీ వైపు చూడమని ఆమెకు చెప్పింది నేను. కానీ నేను మోసపోయి చేశాను, నువ్వు తెలిసి చేశావు. ఈ రెండూ ఒకటి కావు, కలిపి చూడకు.

ఈ కేసు గురించి నువ్వు రాసిన ఉత్తరాలు మూడూ నా దగ్గరున్నాయి. ప్రభుత్వ ప్లీడరు ఇల్లెక్కడో కనుక్కున్నాను. సోమవారం దాకా ఆగుతాను. ఆ లోపల నువ్వే పోతే, అది నీ నోటితో చెప్పిన నిజం అవుతుంది. నేను పోతే, ఇవి నీ మీద సాక్ష్యం అవుతాయి. నీ కోటు పోతుందని తెలుసు. నిన్ను చంకనెత్తుకుని తిప్పినదాన్ని, ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలి. ఏడుస్తూనే రాస్తున్నాను. అయినా పోతాను.

బయ్యమ్మకు మాత్రం నేను చెప్పను. అది నీ పని.

పెద్దమ్మ


నంద్యాల,
27 జూలై 2025

పెద్దమ్మకు,

శుక్రవారమే వెళ్లాను, సోమవారం దాకా ఆగలేదు. ప్రభుత్వ ప్లీడరు నేను చెప్పేది సగం విని పెన్ను కింద పెట్టేశారు. "ఏమ్మా, బుద్ధుండే మాట్లాడతాండావా?" అన్నారు. చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం చేసిచ్చాను. తీర్పు ఇంకా రాలేదు కాబట్టి జడ్జిగారు ఆ కాగితం తీసుకున్నారు. చదువుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. వినయ్‌కు నోటీసు పోయింది. బయ్యమ్మను ఆగస్టు 19న మళ్లీ సాక్ష్యానికి పిలిచారు. ఈసారి అజయ్ కుమార్‌ను ఆమె ముందు నడిపిస్తారట.

గురుస్వామి సార్ నా పుస్తకాలు ఆఫీసు మెట్ల మీద పెట్టించారు. "టీవీ సూసి సెడిపోయినావు పాపా" అన్నారు, అంతే. వాదించడానికి నాకిచ్చిన అనుమతి ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నాకు కూడా నోటీసు వచ్చింది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఈ రోజు పొద్దున బయ్యమ్మ గూడేనికి పోయివచ్చాను. నీ ఇంటి ముందు నుంచే బస్సు పోయింది, దిగడానికి మొగం చెల్లలేదు.

ఆమె ఇంటి ముందు కూర్చుని వేర్లు కడుగుతోంది. కొడుకు సురేశ్ పక్కన ఉన్నాడు. నన్ను చూసి, "రా పాపా, తేనె ముట్టిందా?" అంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఎవరి బల్ల దగ్గర కూర్చున్నానో, వినయ్ ఎందుకు కాలీడ్చాడో, నేను ఎందుకు తల ఊపానో అంతా చెప్పాను. సురేశ్ చటుక్కున లేచి, "యాడికొచ్చినావ్ నువ్వు? పో ఈన్నుంచి" అన్నాడు. ఆమె వాణ్ణి చేత్తో ఆపింది. చేతిలో వేరు అలాగే ఉంది. తిడితే బాగుండేది, కొట్టినా బాగుండేది.

తర్వాత అడిగింది. "నీకు తెల్సా? నేను సూసినప్పుడు, వాడు కాదని నీకు తెల్సా?"

తెలుసన్నాను.

"నువ్వు తల ఊపకున్నా నేను వాన్నే సూపెట్టేదాన్నేమో. కాలీడ్సినాడు గదా. కానీ నేను నీ పక్క సూసినా గదమ్మా."

నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. వెనక్కి జరిగింది. మళ్లీ సాక్ష్యానికి పిలుస్తారని చెప్పాను. బస్సు దగ్గరికి వస్తాననీ, కోర్టు దాకా తోడుంటాననీ అన్నాను. వద్దంది.

"సురేశ్‌తో పోతాలే. నువ్వు మాత్రం ఆ పొద్దు ఆడికి రావద్దు. బెదురు పుడితే నేను మల్లా నీ పక్కే సూస్తా."

నేను వెళ్లను పెద్దమ్మా.

సుకన్య